మందుబిళ్ల గుట్టు గీతలో!

కెమిస్ట్రీ చదివిన పిల్లలున్న ఇల్లయితే ఎలమంచిలిలో ‘హెచ్‌పీఎల్‌సీ’ మాట వినే ఉంటారు. అటు అచ్యుతాపురం సెజ్, ఇటు పరవాడ ఫార్మాసిటీ... మందుల కంపెనీ ల్యాబుల్లో ఆ యంత్రం లేనిదే పని జరగదు మరి!

జానెడు ఉక్కు గొట్టం. పేరు కాలమ్. లోపల సిలికా నలుసులు, చాలావాటిలో ఆ నలుసులకు 18 కార్బన్ల గొలుసులు అతికించి ఉంటాయి. కరిగించిన మందును పంపు ఒత్తిడితో అందులోంచి తోస్తారు. తీర్థంలో ప్రతి కొట్టు దగ్గరా ఆగేవాళ్లు ఆలస్యంగా ఇల్లు చేరినట్టే, గొలుసులను అంటిపెట్టుకునే అణువులు ఆలస్యంగా బయటికొస్తాయి. కంప్యూటర్ తెర మీద ఒక్కోదానికీ ఒక్కో కొండలాంటి గీత... అదే ‘పీక్’.

ఈ కిటుకు కనిపెట్టింది రష్యా వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్. 1903 నాటికే వార్సాలో ఆకుల రంగులను ఇలా విడదీసి చూపించాడు. సుద్దపొడి నింపిన గాజు గొట్టంతోనూ ఆ పని చేశాడు. అన్నట్టు, రష్యన్‌లో ఆయన ఇంటిపేరుకు అర్థం రంగే!

అసలు చిక్కు గీతను చదవడంలో ఉంది. దేనికీ అంటుకోని పదార్థం గొట్టం దాటడానికి 1 నిమిషం, మందుకు 5 నిమిషాలు పట్టాయనుకుందాం. కాలమ్ పట్టి ఉంచింది 4 నిమిషాలే, అంటే 4 రెట్లు. పంపు వేగం తగ్గితే రెండు సమయాలూ పెరుగుతాయి, ఆ రెట్లు మాత్రం దాదాపు మారవు. రెట్లే మారితే? ద్రావణం ఆమ్లతనో, వేడినో, అరిగిపోయిన కాలమ్‌నో అనుమానించాలి.

సరే, సమయం సరిపోయిందంటే అది ఆ పదార్థమేనా? కాకపోవచ్చు. 2020లో షుగరు మందు మెట్‌ఫార్మిన్ విషయంలో జరిగిందదే. క్యాన్సర్ కారకంగా అనుమానించే ఎన్‌డీఎంఏ రోజుకు 96 నానోగ్రాములు దాటకూడదు. అమెరికాలో ఓ ప్రైవేటు ల్యాబ్ 38 నమూనాల్లో 16 ఆ పరిమితి దాటాయంది. అక్కడి ఎఫ్‌డీఏ మళ్లీ పరీక్షిస్తే దాటినవి 8 మాత్రమే! తయారీలో వాడే డీఎంఎఫ్ అనే ద్రావకం కూడా ఎన్‌డీఎంఏతో పాటే కాలమ్ దాటుతోంది. అందులోని కొన్ని అణువుల బరువు కూడా దాదాపు దాని బరువే. రెండు పీకులనూ పూర్తిగా విడదీసి, బరువును మరింత నిశితంగా కొలిస్తేగానీ తేడా తేలలేదు.

ఆ 8 మాత్రం నిజమే. అదే ఏడాది అమెరికాలో కొన్ని కంపెనీలు తమ మెట్‌ఫార్మిన్‌ను వెనక్కి తీసుకున్నాయి. అయినా, డాక్టరు మరో మందు రాసేదాకా బిళ్లలు మానొద్దని ఎఫ్‌డీఏ రోగులకు చెప్పింది.