మన తోడి వాళ్లకు భైరవి

మదనపల్లె అనగానే టమాటా మార్కెట్ గుర్తొస్తుంది. జాతీయగీతం బాణీకి నొటేషన్ రాసింది కూడా అక్కడే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పటి చిత్తూరు జిల్లాలోని ఈ ఊరికి వచ్చి, థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లున్నారు. ఆయన పాడుతుంటే ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసుకున్నారు. ఆ బాణీలో అల్హయ్యా బిలావల్ ఛాయలున్నాయంటారు. హిందుస్తానీ లెక్కలో ఆ రాగం బిలావల్ థాట్‌ది. మన కర్ణాటక సంగీతం లెక్కలో అది 29వ మేళం, ధీరశంకరాభరణం.

థాట్ అంటే రాగాలను స్వరాలను బట్టి చేర్చే మూల స్వరశ్రేణి, ఇంచుమించు మన మేళకర్తే. రాగాలను పది థాట్లుగా సర్దిన విష్ణు నారాయణ్ భాత్‌ఖండే (1860-1936) వకీలు చదువు చదివినాయన. 1904లో దక్షిణాదికొచ్చి, ఎట్టయపురంలో సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులను కలిశారు. మన సంగీతశాస్త్రకారుడు వేంకటమఖి 72 మేళాల పద్ధతి భాత్‌ఖండేకు దారి చూపింది. ఆ 72లో వివాది (పక్కపక్కన పొసగని) స్వరాలున్న 40 తీసేస్తే మిగిలేవి 32. అందులోనూ పది చాలన్నారు భాత్‌ఖండే. వకీలు కదా, కేసు కుదించడం తెలుసు!

అంతకుముందు ఉత్తరాదిన రాగాలకు సంసారాలుండేవి. ఆరు మగ రాగాలు, ఒక్కోదానికి అయిదారుగురు భార్యలు, ఆపై కొడుకులు. కొందరి లెక్కలో కోడళ్లు కూడా. బొమ్మలేసుకోవడానికి బాగుంది గానీ స్వరాల పోలికకు పనికిరాలేదు. 1813లోనే పట్నాకు చెందిన మహమ్మద్ రజా అప్పటికున్న ఈ వర్గీకరణలను తప్పుపట్టారు.

సంగీతం క్లాసులో పిల్లలు సరళీస్వరాలు మొదలుపెట్టే మాయామాళవగౌళ హిందుస్తానీ వాళ్లకు భైరవ్ థాట్. మన హనుమతోడి వాళ్లకు భైరవి. మరి వాళ్ల తోడి? మన శుభపంతువరాళి. కచేరీలో పక్కవాళ్లతో వాదన పెట్టుకునే ముందు ఇది చూసుకోవాలి.

అసలు తమాషా ఇక్కడుంది. స రి గ ప ద అని మన మోహనం పాడండి. ఆ అయిదు స్వరాలతోనే వాళ్లకు రెండు రాగాలు. గాంధారం మీద నిలబడితే భూపాలి, రాత్రి మొదటి జాములో పాడతారు, కల్యాణ్ థాట్. ధైవతం మీద బరువు వేసి పై స్థాయిలో తిరిగితే దేశ్‌కార్, పొద్దున పాడతారు, బిలావల్ థాట్. రెండింట్లోనూ మధ్యమమే లేదు. కల్యాణ్‌కీ బిలావల్‌కీ తేడా వచ్చేదేమో ఆ మధ్యమంతోనే! థాట్ పద్ధతిని తప్పుపట్టేవాళ్లు ఎప్పుడూ ఎత్తేది ఈ జంటనే. నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది.

అన్నట్టు, ‘ఏమొకో’ అనే అన్నమయ్య కీర్తనను ఇప్పుడు ఎక్కువగా పాడుతున్నది తిలంగ్‌లో. అది ఉత్తరాది నుంచి వచ్చిన రాగమే, ఖమాజ్ థాట్.