తాడు పట్టుకొన్న చేయి

"నాన్నా, నేను దిగిపోతాను!"

పై నుండి మా అబ్బాయి వేసిన కేకకు మా ఇద్దరి గుండెలు జల్లుమన్నాయి. గత డిసెంబరులో ఒక శనివారం ఉదయం భువనగిరి కొండ దగ్గర జరిగిన సంగతి ఇది. ఏడవ తరగతి చదువుతున్న మా వాడు రెండు నిలువుల ఎత్తున బండకు బల్లిలా అతుక్కొని, పైకి పోలేక, క్రిందికి చూడలేక వణికిపోతున్నాడు. "ఇంకొంచెమే, ఎక్కెయ్" అని ఒకరం, "కాలు జాగ్రత్త!" అని మరొకరం ఒకేసారి అరిచాము. శిక్షకుడు మా వైపు తిరిగి, "మీరు కాసేపు మాట్లాడకండి. బాబును ఆలోచించుకోనివ్వండి" అన్నారు.

నిజం చెప్పాలంటే మేము ఇష్టపడి అక్కడకు వెళ్ళలేదు. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి అంతకుముందు స్నేహితులతో వెళ్ళి వచ్చి, తమ్ముణ్ణి కూడా తీసుకుపోదామని పట్టుబట్టింది. కొన్ని నెలలుగా వాడు ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. బడి నుండి రాగానే తలుపు వేసుకొని సెల్‌ఫోనుతో కూర్చొంటున్నాడు. పోనీ, ఒక రోజు బయట గాలి తగులుతుందనుకొన్నాము.

ఆ బండ మీద ఎక్కినవారు

భువనగిరి కొండ 500 అడుగులకు పైగా ఎత్తున్న ఒకే రాయి. పైన పాత కోట ఉంది. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరం. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే ఇద్దరు సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు కొండలెక్కడం మొదట నేర్చుకొన్నది ఇక్కడే. పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ. ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. శేఖర్ బాబు వారికి శిక్షణ ఇచ్చారు. తరువాత డార్జిలింగ్‌లోను, లదాఖ్‌లోను సాధన చేసి, 2014 మే 25న వారిద్దరూ ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 ఏళ్ళ 11 నెలలు.

మన పిల్లలందరూ ఎవరెస్టు ఎక్కాలని మేము చెప్పడం లేదు. అయితే ఈ ఆటలో మొదటి 20 అడుగులలోనే పిల్లలు నేర్చుకొనేది చాలా ఉందని ఆ రోజు కళ్ళారా చూశాము.

ఒళ్ళంతటికీ పని

బండ ఎక్కడానికి చేతుల బలమే ముఖ్యమని మేము అనుకొనేవాళ్ళము. అది పొరపాటు. చేతులతో వ్రేలాడేవారు త్వరగా అలసిపోతారు. కాళ్ళతో శరీరాన్ని పైకి నెట్టి, చేతులను నిలద్రొక్కుకోవడానికి వాడేవారు ఎక్కువసేపు నిలుస్తారు. కాళ్ళు, వీపు, పొట్ట, వ్రేళ్ళు అన్నీ కలిసి పని చేస్తాయి. పరుగు పందెంలోను, క్రికెట్‌లోను వెనుకబడే పిల్లలు కూడా ఇక్కడ సంతోషంగా రాణిస్తారు. ఎందుకంటే ఎవరి దారి వారిది, ఎవరి వేగం వారిది.

బుద్ధికీ పనే

ఎక్కే ముందు క్రింద నిలబడి, ఏ చేయి ఎక్కడ, ఏ కాలు ఎక్కడ అని చూసుకోవాలి. పెద్ద పోటీలలో కూడా ఈ పద్ధతి ఉంది. తాడు కట్టుకొని ఎక్కే పోటీల ఆఖరి ఘట్టంలో క్రీడాకారులకు గోడను పరిశీలించడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు. ప్రత్యర్థులైనా అందరూ కలిసి నిలబడి, దారి గురించి ఒకరితో ఒకరు చర్చించుకొంటారు! 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి చేరింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జపానుకు చెందిన సొరాటో అన్‌రాకు 17 ఏళ్ళ వయస్సులో వెండి పతకం గెలిచాడు.

ఒకరి ప్రాణం మరొకరి చేతిలో

ఎక్కేవారి నడుము పట్టీకి కట్టిన తాడు, పైన గట్టిగా బిగించిన కొక్కెం గుండా తిరిగి క్రింద ఉన్నవారి దగ్గరకు వస్తుంది. ఆ తాడును పట్టి ఉంచే పనిని బిలే అంటారు. తాడు ఒక చిన్న లోహపు పరికరం గుండా మలుపు తిరగడం వలన పుట్టే రాపిడి బరువును చాలా వరకు ఆపుతుంది. అందుచేత సరిగా నేర్చుకొంటే తమకంటే బరువైన వారిని కూడా పిల్లలు పట్టి ఉంచగలరు. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరి ముడి మరొకరు తడిమి చూడాలి. "ఎక్కనా?" అని అడగాలి. "ఎక్కు" అనే జవాబు వచ్చాకే కాలు కదపాలి.

ఆ రోజు మా వాడి తాడు పట్టింది వాళ్ళ అక్క. ఆమె వెనుక మరొక శిక్షకుడు తాడు చివర పట్టుకొని నిలబడ్డాడు. ఇంట్లో రిమోట్ కోసం కొట్టుకొనే ఆ ఇద్దరిలో, ఒకరు మరొకరి ముడిని రెండుసార్లు సరిచూడటం మేము మొదటిసారి చూశాము.

దిగి రావడం ఓటమి కాదు

మేము నోరు మూసుకొన్నాము. కొంతసేపటికి వాడు, "అక్కా, దించు" అన్నాడు. నెమ్మదిగా దించింది. ఎవరూ నవ్వలేదు. శిక్షకుడు, "ఎక్కడ భయం వేసింది?" అని మాత్రమే అడిగారు. "ఎడమ కాలు పెట్టడానికి చోటు కనబడలేదు సార్" అన్నాడు. ఇద్దరూ క్రింద నిలబడి ఆ చోటు వెదికారు. భోజనాల తరువాత వాడు మళ్ళీ ఎక్కాడు. ఆ చోటు దాటి ఇంకొక నిలువెత్తు పోయి దిగాడు. పై అంచు అందలేదు. అయినా ముఖం వెలిగిపోతూ ఉంది.

"భయంగా ఉంది" అన్న పెద్ద మాటను "ఎడమ కాలుకు చోటు లేదు" అన్న చిన్న మాటగా మార్చుకోవడం వాడు ఆ పూట నేర్చుకొన్నాడు. చిన్న కష్టమైతే దారి వెదకవచ్చు.

మరువకూడని జాగ్రత్తలు

అనుభవమున్న శిక్షకులు, హెల్మెట్, సరిపడే నడుము పట్టీ, మంచి తాళ్ళు లేనిదే పిల్లలను పంపరాదు. తడిసిన బండల మీదకు, క్వారీ గుంటల దగ్గరకు తమంతట తాము పోరాదని గట్టిగా చెప్పాలి. ఎదిగే వయస్సులో వ్రేళ్ళ ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు. సన్నని అంచుల మీద వ్రేళ్ళతో వ్రేలాడే కఠిన సాధన అప్పుడు తగదు. వ్రేలి మధ్య కణుపు దగ్గర నొప్పి పుడితే ఎక్కడం ఆపి వైద్యునికి చూపించాలి. బరువు తగ్గితే బాగా ఎక్కవచ్చని కొందరు పిల్లలు తిండి మానుకొంటారు. అలా జరుగనివ్వకండి. ఎదిగే పిల్లలకు కడుపు నిండా తిండి కావాలి.

తిరుగు ప్రయాణంలో

బస్సులో కిటికీ పక్కన కూర్చొన్న మా వాడు, ఘట్‌కేసర్ దాటాక మెల్లగా అన్నాడు: "అమ్మా, అర్ధ సంవత్సరపు పరీక్షలో లెక్కల్లో తప్పాను. కాగితం మీకు చూపించలేదు."

మాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. వెంటనే శిక్షకుని మాట గుర్తుకు వచ్చి ఊరుకొన్నాము. కొంచెం ఆగి, "ఎక్కడ ఆగిపోయావు నాన్నా?" అని అడిగాము. "బీజగణితం మొదలైన దగ్గర నుండి" అన్నాడు. "నేను చెప్తాలేరా" అంది వాళ్ళ అక్క.

తల్లిదండ్రులారా, మీ ఊరి దగ్గర బండ ఎక్కడం నేర్పేవారు ఉంటే ఒక రోజు పిల్లలతో వెళ్ళండి. వీలుంటే మీరూ ఎక్కి చూడండి. అంత దూరం వెళ్ళలేనివారు కూడా ఈ వారం ఒక పని చేయవచ్చు. మీ బిడ్డ ఏదైనా కష్టంలో ఆగిపోయినప్పుడు క్రింద నుండి అరవకుండా, ఎక్కడ ఆగిపోయావని అడగండి. జవాబు వచ్చేదాకా తాడు వదలకండి.