పాత డబ్బాలో కూరమొక్క

పరాయి నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఆకుకూరలు కరవు కావు. తనకు కావలసిన ఆకుకూర పేరే మారిపోతుంది. గోంగూరను బెంగళూరులో పుండి సొప్పు అనీ, చెన్నైలో పుళిచ్చ కీరై అనీ, ముంబైలో అంబాడీ అనీ అడగవలసి ఉంటుంది. అడిగినా ప్రతి సంతలోనూ దొరకదు. వసారాలోనో మేడమీదనో నాలుగు పాత డబ్బాలకు చోటున్నవారు ఈ లోటును చాలవరకు తీర్చుకోగలరు. మెట్లదారి మాత్రం అందరిదీ. అక్కడ ఏదీ ఉంచరాదు.

ముందుగా విచారించవలసినది, ఆ డబ్బాలో ఇదివరకు ఏముండేదన్న సంగతి. నూనె డబ్బా, పెరుగు బకెట్టు, బియ్యపు సంచి వంటి ఆహారపు పాత్రలను నిస్సంకోచంగా వాడవచ్చును. పురుగుమందులు, రసాయనాలు నింపిన డ్రమ్ములు ఎంత కడిగినా కూరమొక్కలకు పనికిరావు. పాత బ్యాటరీ పెట్టెలలో సీసం ఉంటుంది. అది మట్టిలో కలిసి పిల్లల ఒంటికి చేరగలదు. ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. కనుక అంతకు పూర్వపు రంగు డబ్బాలను విడిచిపెట్టడమే క్షేమం. బియ్యపు సంచి ఎండకు కొన్ని నెలలలోనే పెళుసుబారి పోగులుగా రాలుతుంది. ఒక పంటకు మించి ఆశించరాదు. చేపల అంగళ్ళ వద్ద పారవేసే థర్మాకోల్ పెట్టెలు చూపుకు ఆనకపోయినా తేలికైనవి, వేళ్ళకు ఎండవేడిమి తగలనీయవు.

పాత్ర ఏదైనా అడుగున చిటికెనవేలు దూరేంత రంధ్రాలు నాలుగైదు ఉండాలి. మట్టి, మాగిన ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలిపితే చాలును. కొబ్బరిపొట్టు బరువునూ తగ్గిస్తుంది. కేవలం మట్టితో నింపి తడిపిన 20 లీటర్ల బకెట్టు 30 కిలోలు దాటుతుంది. అటువంటి దానిని పిట్టగోడపై నిలిపితే కింద నడిచేవారి ప్రాణానికే ముప్పు. మేడమీద వరుసగా పెట్టదలచినవారు ఇంటి యజమాని అనుమతి పొందడం మంచిది.

తోటకూరకు 6 అంగుళాల లోతు చాలును. 25 నుండి 30 రోజులకు కోతకు వస్తుంది. బచ్చలికి విత్తనంతో పనిలేదు. బజారులో కొన్న కట్టలోని ముదురు కాడను రెండు కణుపులు మునిగేలా పాతి, పాకడానికి ఒక తాడు కడితే సరి. గోంగూరను తొలకరిలో విత్తడం ఉత్తమం. పగటివేళ తగ్గుతున్న కాలంలో విత్తినది ఆకు ఎదగకముందే పూతకు వస్తుంది. మొక్కను పెరకక చివళ్ళు తుంచుకుంటే మరల చిగురిస్తుంది. వంకాయ, టమాటాలకు అడుగు లోతు మట్టి, రోజుకు 5, 6 గంటల ఎండ కావాలి. ఎండ సోకని వసారాలో వాటిని నాటి విత్తనాన్ని నిందించడం తగదు.

అన్నిటికన్న జాగ్రత్త అవసరమైనది కుండీ కింది పళ్ళెం. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు మురుగు అక్కరలేదు; తేటనీరు నిలిచిన చిన్న పాత్ర చాలును. నీటిమట్టానికి కాస్త పైగా, పాత్ర గోడకు అది గుడ్లను అంటిస్తుంది. వెచ్చని రోజులలో గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. నీరు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి జీవించి, తడి తగిలిన వెంటనే పగులుతాయి. అందుచేత నీటిని పారబోసి ఊరుకోరాదు. వారానికొకసారి పళ్ళెం లోపలి అంచులను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. అంత తీరిక లేనివారు పళ్ళెమే తీసివేయవచ్చును, లేదా అంచు వరకు ఇసుక నింపవచ్చును. మొక్కలకోసం పట్టి ఉంచిన నీటి బకెట్టుకు మూత ఉండాలి. పంట ముగిసిన డబ్బాలను వాన పడకముందే బోర్లించి ఉంచాలి.