గోడ చేతిని ఆపుతుంది, వైఫైని ఎందుకు వదులుతుంది?

హాల్లో రౌటర్ లైట్లు నిక్షేపంలా వెలుగుతుంటాయి, వెనక గదిలో మాత్రం వీడియో ఆగి ఆగి వస్తుంది. వెంటనే ఇంకో రెండు యాంటెన్నాలున్న డబ్బా కొందామనిపిస్తుంది. అట్టపెట్టె మీది అంకెల కంటే ముందు మధ్యలో ఉన్న గోడను చూడాలి. గోడంటే దాదాపు ఖాళీయే. పరమాణువు కేంద్రకం శనగగింజంత అనుకుంటే, పరమాణువు ఊరి చెరువంత ఉంటుంది. మరి చెయ్యి అందులోంచి దూరిపోదేం? ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి విద్యుత్తుతో తోసుకోవడం వల్లేనని చాలామంది చెబుతారు. అది సగం నిజం. రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవని 1925లో భౌతిక శాస్త్రవేత్త పౌలీ చెప్పాడు. ఇంటర్ పుస్తకాల్లో చదివిన వర్జన నియమం ఇదే. పదార్థం ఇంత చోటు ఆక్రమించడానికి ఈ నియమమే కీలకమని 1967లో డైసన్, లెనార్డ్ గణితంతో నిరూపించారు. అది లేకుంటే, విద్యుత్ బలాలు ఎన్ని ఉన్నా పదార్థం కుంచించుకుపోయేదే.

వైఫైని మోసే రేడియో తరంగాలకు ఆ పట్టింపు లేదు. అవీ ఒక రకం కాంతే. కాంతి కణాలు ఎన్నయినా ఒకే స్థితిలో ఇమిడిపోతాయి. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ వేసిన లెక్క వీటి గురించే. అలాగైతే కాంక్రీటు గోడ దగ్గర సిగ్నల్ ఎందుకు నీరసిస్తుంది? అక్కడ సమస్య చోటుది కాదు, విద్యుదావేశాలది. స్లాబులోని ఇనుప చువ్వలు, ఇనుప బీరువా తరంగాన్ని వెనక్కి కొడతాయి. తడి గోడ, నీళ్ల ట్యాంకు దాన్ని పీల్చేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఇంచుమించు 6. పొడవైనది గోడల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది, కానీ పక్క ఫ్లాట్ల వాళ్లందరూ అందులోనే ఉంటారు. ఒకే గదిలో వేగం కావాలంటే 5 చాలా నయం.

శక్తిమంతమైన రౌటర్ ఉంటే సరిపోదా అంటారు. దాని కేక ఫోనుకు వినిపించొచ్చు. కానీ ఫోను మెల్లగా ఇచ్చే జవాబు కూడా అదే గోడ దాటి రావాలి కదా. సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే మెష్ పెట్టెలు పనికొస్తాయి, గోడకు అవతల కాకుండా సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెడితేనే. నా ఓటు తీగకే. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, దాని చివర చిన్న యాక్సెస్ పాయింటు చాలు. గోడ పొడవాలన్న బెంగ న్యాయమైనదే: రాగి కూడా పదార్థమే, ఇటుక ఉన్న చోట ఇమడదు, కన్నం తప్పదు. అయితే కేబుల్ మందం 6 మిల్లీమీటర్లే, కొసనుండే ప్లగ్గు వెడల్పే 12 దాకా ఉంటుంది. అందుకే ముందు ఉత్త తీగను కన్నంలోంచి లాగి, ప్లగ్గు తర్వాత బిగించమనండి.