చీనా వైద్యశాస్త్రమున హృదయము: దాని వికారములను కనుగొను విధము

శరీరశాస్త్ర పాఠమున హృదయమును గూర్చి చెప్పునప్పుడు మేము నల్లబల్లపై నాలుగు గదులను గీసి, రక్తము ఏ గదినుండి ఏ గదికి ప్రవహించునో బాణపు గుర్తులతో చూపుదుము. పిల్లలు దానిని చక్కగా నేర్చుకొని పరీక్షలో వ్రాయుదురు. కాని గంట కొట్టగనే ఆ పిల్లలే "నా గుండె ఝల్లుమన్నది", "వానికి గుండెధైర్యము చాలదు" అని చెప్పుకొనుచు ఆటస్థలమునకు పోవుదురు. రక్తమును తోడు యంత్రమునకును ధైర్యమునకును సంబంధమేమి? మన భాషలో గుండె యనుమాట ఈ రెండు భారములను ఎంతోకాలముగా మోయుచున్నది. చీనాదేశపు ప్రాచీన వైద్యులును ఈ రెంటిని వేఱుచేయలేదు. వేఱుచేయకుండుటయే గాక, ఆ రెంటిని కలిపియే యొక శాస్త్రమును నిర్మించిరి. ఆ శాస్త్రము చెప్పు హృదయ వికారములెట్టివో, వానిని వైద్యుడెట్లు కనుగొనునో ఇచ్చట వివరింప దలచితిమి.

చీనాభాషలో హృదయమునకు షిన్ అని పేరు. తలచుట, కోపించుట, భయపడుట మొదలగు మాటలను వ్రాయు అక్షరములలో ఈ షిన్ గుర్తు ఏదో యొక మూలను కనబడును. మఱచుట యను మాటకు వ్రాయు అక్షరము మిక్కిలి వింతయైనది. పైన నశించుట యను గుర్తు, క్రింద హృదయపు గుర్తు. హృదయమునుండి జాఱిపోయినదే మఱపు! క్రీస్తునకు పూర్వము రెండవ, మొదటి శతాబ్దముల ప్రాంతమున పలువురు కూర్చినట్లు పండితులు తలంచు హువాంగ్‌దీ నెయ్‌జింగ్ అను వైద్యగ్రంథమున శరీరమును ఒక రాజ్యముగా వర్ణించిరి. అందు ఊపిరితిత్తులు మంత్రి, కాలేయము సేనాపతి, హృదయము రాజు. ఈ రాజునొద్ద షెన్ అను చైతన్యము నివసించునట. మనస్సు, జ్ఞాపకము, నిద్ర, మాటలోని పొందిక ఇవన్నియు షెన్ యొక్క పనులే. కావున చీనా వైద్యునకు గుండెదడ యెంత హృదయరోగమో, నిద్ర పట్టకపోవుటయు, మతిమఱపును అంత హృదయరోగములే. ఈ సంగతి మఱచినచో ఆ శాస్త్రములోని యొక్క వాక్యమును మనకు బోధపడదు.

లోపలనున్న రాజు బాగోగులు బయటివారికి తెలియుట యెట్లు? కోటగుమ్మములయొద్ద కనబడు గుర్తులచేతనే. హృదయపు కాంతి ముఖమునందును, దాని ద్వారము నాలుకయందును కలవని వారి సిద్ధాంతము. వైద్యుడు నాలుగు పరీక్షలు చేయును: చూచుట, వినుట, అడుగుట, తాకుట. వినుట యను మాటలోనే వాసన చూచుటయు చేరియున్నది. చీనాభాషలో ఆ రెంటికిని ఒకటే అక్షరము.

చూచుటలో నాలుకకే పెద్దపీట. నాలుకకొన హృదయమునకు చెందిన భాగము. అది మిక్కిలి ఎఱ్ఱబాఱి యున్నచో హృదయమున వేడి పెరిగినదందురు. నాలుక పాలిపోయినచో రక్తము కొఱతపడినదందురు. ఊదారంగు తిరిగి, నాలుక క్రింది సిరలు నల్లబడి ఉబ్బినచో రక్తము నిలిచిపోయినదందురు. నాలుకపై పాచి పలుచనా, దట్టమా, తెలుపా, పసుపా యనునదియు చూతురు. రంగు పట్టించు పదార్థము లేమైన తిని వచ్చితివా యని వైద్యుడు ముందుగా అడుగుట మంచి యాచారము. మనవారు తాంబూలము వేసికొని పోయినచో పాపము ఆ వైద్యుని గతి ఏమగునో!

తాకుటలో నాడి ముఖ్యమైనది. మణికట్టుపై మూడు వ్రేళ్లు వరుసగా ఆనించి చూతురు. ఎడమచేతి మణికట్టునందు చూపుడు వ్రేలి క్రింద తగులునది హృదయపు నాడి. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున వాంగ్ షూహ యను వైద్యుడు నాడిని గూర్చి ప్రత్యేకగ్రంథము వ్రాసి ఇరువదినాలుగు విధముల నాడులను వర్ణించెను. 1564లో లీ షిజెన్ వాని సంఖ్యను ఇరువదియేడునకు పెంచెను. తేలియాడునది, మునిగియుండునది, దారమువలె సన్ననిది, పళ్లెములో ముత్యములు దొర్లినట్లు జాఱునది, నడుమ నడుమ ఆగునది ఇట్లు వాని భేదములు. మన వైద్యులును నాడిని చూచి వాత పిత్త కఫములను నిర్ణయించువారే గనుక ఈ మాటలు మన పెద్దలకు క్రొత్తగా తోచవు.

గడియారములు లేని ఆ కాలమున నాడివేగమును కొలుచుటెట్లు? వైద్యుడు తన శ్వాసనే కొలతబద్దగా చేసికొనెను. వైద్యుడొకసారి ఊపిరి పీల్చి విడుచులోపల రోగి నాడి నాలుగైదుసార్లు కొట్టినచో ఆరోగ్యము; మూడు అంతకు లోపైనచో మందము; ఆఱు అంతకు మించినచో వేగము. మన విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. నెమ్మదిగా కూర్చున్నవాడు నిమిషమునకు పదునెనిమిది సార్లు ఊపిరి తీసినచో, శ్వాసకు నాలుగు చొప్పున 72 కొట్టులగును. నేటి పుస్తకములు చెప్పు లెక్కతో ఇది చక్కగా సరిపోవుచున్నది. ఇందొక చిన్న చరిత్ర కలదు. చీనాలో నివసించిన జెసూట్ మిషనరీ మైఖేల్ బోయిమ్ అక్కడి నాడిశాస్త్రమును లాటినులోనికి తెచ్చెను. ఆ వ్రాతలు చేరిన గ్రంథమొకటి 1682లో ఫ్రాంక్‌ఫర్టున అచ్చయ్యెను. చీనావారి నాడిపరీక్షను గూర్చిన వార్తలు చదివి ఆసక్తుడైన జాన్ ఫ్లాయర్ అను ఆంగ్ల వైద్యుడు, సరిగా ఒక్క నిమిషము నడచి ఆగు గడియారమును చేయించి, 1707లో నాడి గడియారమును గూర్చి పుస్తకము ప్రకటించెను.

ఇక వికారముల మాట. చీనావారు రోగమునకు పేరు పెట్టుటకంటె రోగలక్షణముల సముదాయమును గుర్తించుటయే ముఖ్యమని యెంతురు. వారి సముదాయములు కొఱతవలన కలుగునవి, అధికమువలన కలుగునవి యని రెండు తెగలు. ప్రాణశక్తియైన చీ కొఱతపడినచో గుండెదడ, కొద్ది పనికే ఆయాసము, అకారణముగా చెమట, బలహీనమైన నాడి కనబడును. వీనితోపాటు చేతులు కాళ్లు చల్లబడినచో వేడినిచ్చు యాంగ్ కూడ తగ్గినదందురు. చల్లదనమును తడిని ఇచ్చునది యిన్. దీపమును తలచుకొన్నచో ఇది సులభముగా తెలియును: మంట యాంగ్, చమురు యిన్. చమురు తగ్గినపుడు వత్తి చిటపటలాడి కాలునట్లే, యిన్ తగ్గినవానికి అఱచేతులు, అఱికాళ్లు, ఱొమ్ము వేడెక్కి, రాత్రి చెమటలు పట్టి, నాడి సన్ననై వేగముగా కొట్టుకొనును. రక్తము కొఱతపడినవానికి తలతిరుగుట, మతిమఱపు, పెదవులు పాలిపోవుట కలుగును.

ఇద్దఱు మనుష్యులు నిద్ర లేదని వచ్చిరనుకొందము. పండుకొనిన చాలసేపటికి గాని కన్ను మూయని మొదటివాని నాలుక పాలిపోయియున్నచో, అతనికి రక్తపు కొఱత యందురు. నడిరేయి చెమటతో మేల్కొను రెండవవాని నాలుక ఎఱ్ఱగా, పాచి లేకయున్నచో, అతనికి యిన్ కొఱత యందురు. ఫిర్యాదు ఒకటే, మందులు రెండు. అధికము తెగలో హృదయాగ్ని, కఫము, రక్తస్తంభన ముఖ్యమైనవి. అగ్నిచేత ముఖము ఎఱుపెక్కి దాహము, చిరాకు, నోటిపూత కలుగును. కఫము హృదయద్వారమును మూసినచో మాట తడబడి తెలివి తప్పును. రక్తము స్తంభించినచో ఱొమ్మున పొడిచినట్లు నొప్పి పుట్టి భుజమునకు, చేతి లోపలివైపునకు ప్రాకును, పెదవులు నీలమగును. ఈ కడపటి వర్ణన చదివిన నేటి వైద్యుడెవ్వడైనను ఉలికిపడును. గుండెకు రక్తమందకపోవుటవలన కలుగు నొప్పి ఇట్టిదే.

అడుగుట యను పరీక్షను గూర్చి మా యనుభవమొకటి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో ఒక బాలుడుండెను. మేడమెట్లెక్కి వచ్చి ఆయాసపడుచు, మొదటి పాఠము సగమగువఱకు పుస్తకము తెఱచెడివాడు కాడు. డ్రిల్లునకు రమ్మన్న ఏదో యొక సాకు చెప్పెడివాడు. మేము వానిని సోమరియని నిశ్చయించి రెండుమూడు పర్యాయములు అందఱియెదుట మందలించితిమి. పిల్లల ఆరోగ్యపరీక్షకై వచ్చిన నర్సమ్మ వానిని ఎదుట కూర్చుండబెట్టుకొని, "నాయనా, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకొని పండుకొందువు?" అని అడిగెను. "మూడండి" అని వాడు తలవంచుకొని చెప్పెను. బోర్డింగులో ఒక్కొక్కరికి ఒకటే దిండు. తక్కిన రెండు ప్రక్కపిల్లలయొద్ద బ్రతిమాలి తెచ్చుకొనుచుండెనట. వెల్లకిల పండుకొన్నచో వానికి ఊపిరాడకుండెను. నర్సమ్మ మఱల, చిన్నతనమున గొంతునొప్పియు, తరువాత కీళ్లవాపును వచ్చెనా యని అడుగగా, వచ్చెననెను. ఏడాది పొడుగున ప్రతిదినము వాని ముఖము చూచిన మేము ఈ ప్రశ్నలలో ఒక్కటియు అడుగమైతిమి.

ఆ బాలుని చీనా వైద్యుడు చూచినచో దడ, ఆయాసము, చల్లని చేతులు, బలహీనమైన నాడి అన్నియు గుర్తించి హృదయమున యాంగ్ కొఱత యని చెప్పియుండును. గుర్తులన్నియు నిజమే. కాని గొంతునొప్పి కలిగించిన సూక్ష్మజీవులపై శరీరము చేసిన పోరాటము, తన గుండె కవాటములనే గాయపఱచినదను సంగతి మూడు వ్రేళ్లకు తెలియదు. దానికి 1816లో ఫ్రెంచి వైద్యుడు లాయెనెక్ కనుగొన్న స్టెతస్కోపు వంటి పరికరములును, ధ్వనితరంగములతో గుండెను చూపు యంత్రములును కావలెను. చూచినది వేఱు, చూచినదానికి చెప్పు కారణము వేఱు. చీనా వైద్యమును చదువునప్పుడు ఈ రెంటి నడుమ గీత గీచికొని చదువుట మంచిదని మా యభిప్రాయము.

ఈ సందేహము చీనావారికే పుట్టకపోలేదు. వాంగ్ చింగ్‌రెన్ అను వైద్యుడు, పుస్తకములలోని అవయవముల వర్ణనలు ఒకదానితో నొకటి పొసగకుండుట చూచి కలతపడెను. 1797లో ఒక యూర పిల్లలకు అంటురోగము వచ్చి పలువురు మరణించిరి. సరిగా పూడ్చని ఆ దేహములను అతడు దినదినము శ్మశానమునకు పోయి పరిశీలించెను. పూర్వుల తప్పులను దిద్దుచు 1830లో గ్రంథము ప్రకటించి, జ్ఞాపకమునకు స్థానము హృదయము కాదు, మెదడు అని ధైర్యముగా వ్రాసెను. ఐనను అతడే హృదయమున రక్తము లేదనియు వ్రాసెను! మృతదేహములలో పెద్ద ధమనులు వట్టివిగా కనబడుటచేత అవి గాలిగొట్టములని పొరబడెను. అంత కష్టపడి కంటితో చూచినవాడే అంత తప్పు పడెను. చచ్చిన దేహమును చూచి బ్రదికిన దేహపు పనిని ఊహించుట అంత కష్టము. 1851లో లండను మిషనరీ సంఘపు వైద్యుడు బెంజమిన్ హాబ్సన్ శరీరశాస్త్రమును పటములతో చీనాభాషలో కాంటనునందు ప్రకటించెను.

నేడు చీనాలో రెండు వైద్యములును ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ పట్టణములందు సంప్రదాయ వైద్యకళాశాలలు స్థాపింపబడినవి. సంప్రదాయ వైద్యశాలలలో సయితము రోగి నాడిని చూచిన తరువాత గుండె విద్యుత్పటమును తీయుట వాడుక. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అంగీకరించిన రోగముల పట్టికలో ఈ లక్షణ సముదాయములకును ఒక ప్రకరణము దొఱకెను. ఐతే పట్టికలో చేర్చుట, ఆ చికిత్స పనిచేయునని ఒప్పుకొనుట కాదు. ఒకే రోగి నాడిని పలువురు వైద్యులచే చూపించి పరీక్షించినపుడు వారి మాటలు తఱచుగా కలియవని పరిశోధకులు గమనించిరి.

మందుల విషయమున మాత్రము తల్లిదండ్రులకు గట్టిగా చెప్పవలసియున్నది. యాంగ్ కొఱతకు వాడు ఫూజి యను వేరు మన వత్సనాభి జాతిది. సరిగా శుద్ధిచేయనిచో గుండె లయను తప్పించి ప్రాణము తీయును. షెన్‌ను శాంతింపజేయుటకు వాడుచుండిన ఇంగిలీకమున పాదరసము కలదు. అతిమధురము, దాల్చిన కొమ్మలు కలిసిన కషాయములను సయితము ఎక్కువకాలము త్రాగుట క్షేమము కాదు. అతిమధురము మితిమీఱినచో రక్తపుపోటు పెరుగును. ఱొమ్మునొప్పి చేతికి ప్రాకినను, పెదవులు నీలమైనను, నాలుక రంగు చూచుకొనుచు ఇంట కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఆ బాలునకు మూడు నాలుగు వారములకొకసారి పెన్సిలిన్ సూదిమందు వేయుచు వచ్చిరి. డ్రిల్లునకు బదులు క్రికెట్టు పందెములకు లెక్క వ్రాయు పని వానికి అప్పగించితిమి. బోర్డింగు వార్డెనుతో చెప్పి, వాని మంచముపై మూడు దిండ్లు వేయించితిమి.