కరెంటు నడచు త్రోవ

మిడుతూరు ప్రాంతపు గ్రామపెద్దలారా!

మనకు ఈశాన్యమున శ్రీశైలము కుడిగట్టునందు 770 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము గలదు. మన పొరుగుననే గడివేముల, ఓర్వకల్లు మండలములలోని గని, శకునాల గ్రామముల భూములయందు 2017వ సంవత్సరమున 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. ఇంతటి శక్తి నడుమ నివసించుచున్న మనము ఆ శక్తి ఏ త్రోవను నడచునో ఎరుగకుండుట తగదు. ఆ త్రోవ ఎరుగనివాడు తన దేహమునే దానికి త్రోవగా నొసగు ప్రమాదము గలదు. ఈ త్రోవకే విద్యుద్వలయమని పేరు.

కరెంటు తీగలో నీటివలె ప్రవహించునని చెప్పుకొందుము. ఆ పోలిక కొంతవరకే సరిపడును. సుంకేసులవద్ద తుంగభద్రనుండి కె. సి. కాలువలో బడిన నీరు పొలమున ఇంకిపోవును. అది మరల సుంకేసులకు రానక్కరలేదు. విద్యుత్తు అట్టిది కాదు. బయలుదేరిన చోటికి తిరిగివచ్చు దారి యున్నగాని అది సాగదు. గానుగెద్దు తిరుగు బాటవలె దాని త్రోవ మొదలును తుదయు కలిసియుండవలయును.

దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. టార్చిలైటు సెల్లు ఒకటి, దానికి తగినదై లోపల సన్నని తీగగల చిన్నబల్బు ఒకటి, రెండు రాగితీగ ముక్కలు చాలును. తీగల కొనలయందు పైతొడుగు గీకివేయుడు. ఒక తీగను సెల్లుయొక్క బొడిపెనుండి బల్బు అడుగునకు తాకింపుడు. రెండవ తీగను బల్బు ప్రక్కనున్న లోహపు మరనుండి సెల్లు చదునైన అడుగునకు తాకింపుడు. బల్బు వెలుగును. ఏ తీగను ఎచ్చట ఎత్తినను ఆరిపోవును. స్విచ్చి చేయు పనియు ఇంతియే. నడుమ బల్బు లేకుండ సెల్లు రెండు కొనలను తీగతో కలుపరాదు. తీగ వేడెక్కి చేయి కాలును. దీనినే షార్టు సర్క్యూటు అందురు. ఈ పరీక్షకు టార్చి సెల్లే తగును; ఇంటి ప్లగ్గుతో గాని, ట్రాక్టరు బ్యాటరీతో గాని చేయరాదు.

రెండు బల్బులను ఒకే త్రోవలో ఒకదాని వెనుక నొకటిగా నుంచినచో రెండును మసకగా వెలుగును. ఒకటి తీసివేసిన రెండవదియు ఆరును. ఇది శ్రేణి సంధానము. ప్రతి బల్బునకును సెల్లునుండి వేరుత్రోవ కల్పించిన, ఒకటి ఆరినను రెండవది వెలుగుచునే యుండును. ఇది సమాంతర సంధానము. వసారా దీపము ఆర్పినను వంటయింటి దీపము వెలుగుటకు కారణమిదియే.

ప్రవాహమును లెక్కగట్టు సూత్రమును జర్మనీ దేశీయుడగు గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించెను. త్రోయు బలమును వోల్టులలోను, త్రోవలోని నిరోధమును ఓములలోను, ప్రవాహమును ఆంపియర్లలోను కొలుతురు. వోల్టులను ఓములచే భాగించిన ఆంపియర్లు వచ్చును. టార్చి సెల్లు బలము ఒకటిన్నర వోల్టు. ఇంటి కరెంటు బలము 230 వోల్టులు. మూడు ఫేజుల మోటారునకు వచ్చునది 415 వోల్టులు.

తీగమీద వ్రాలిన కాకికి ఏమియు కాదు. నేలపై నిలిచి అదే తీగను తాకిన మనుష్యుడు పడిపోవును. ఏమి కారణము? కాకి రెండుకాళ్లును ఒకే తీగపై నున్నవి. దాని దేహముగుండ తిరిగిపోవు త్రోవ లేదు. మనుష్యునియందు ఆ త్రోవ గలదు. ట్రాన్సుఫార్మరువద్ద న్యూట్రలు తీగను భూమికి కలిపియుందురు. కావున కరెంటు చేతినుండి కాలికి, కాలినుండి నేలకు దిగి, నేలగుండ ట్రాన్సుఫార్మరును చేరి వలయమును పూర్తిచేసికొనును. తడిసిన దేహపు నిరోధము సుమారు 1,000 ఓములనుకొన్నచో, 230ని 1,000చే భాగింప 0.23 ఆంపియరు వచ్చును. గుండె లయ తప్పి ఆగుటకు ఇందులో సగమే చాలవచ్చును.

"ఫ్యూజు ఉన్నది గదా, భయమేల?" యని పలువురు తలంతురు. 5 ఆంపియర్ల ఫ్యూజు పావు ఆంపియరునకు కరుగునా? కరుగదు. ఫ్యూజు తీగలను, ఇంటిని అగ్నినుండి కాపాడును. తీగ ముట్టినవానిని కాపాడలేదు. దాని స్థానమున లావుపాటి తీగ చుట్టినచో ఇంటికిగల ఆ కాపుదలయు పోవును.

మనుష్యుని కాపాడునవి రెండు. మొదటిది ఎర్తు. మోటారు, స్టార్టరు పెట్టెల ఇనుప భాగమును లావుపాటి తీగతో భూమికి చక్కగా కలిపినచో, లోపలి తీగ తొడుగు చెడినపుడు కరెంటు మన దేహమును విడిచి ఆ సులభమైన త్రోవను పట్టును. రెండవది ఆర్.సి.సి.బి. అను పరికరము. పూర్వము కరణము జమాఖర్చులు సరిచూచినట్లు, పోయిన కరెంటంతయు తిరిగివచ్చెనా యని అది చూచుచుండును. ఇండ్లలో వాడు రకము 0.03 ఆంపియరు తేడాకే రెప్పపాటులో వలయమును తెంపును.

స్విచ్చి ఎల్లప్పుడును ఫేజు తీగపైననే యుండవలయును; న్యూట్రలుపై నుంచిన, దీపమారినను హోల్డరులో కరెంటు నిలిచియుండును. తడిచేతితో, ఉత్తకాళ్లతో స్టార్టరు ముట్టరాదు. ఇంట ఎవరినైన కరెంటు పట్టినచో వట్టిచేతులతో లాగరాదు. లాగినవాడును ఆ వలయమున భాగమగును. మొదట మెయిను స్విచ్చి ఆపవలయును. అది వీలుగానిచో పొడికర్రతో తప్పింపవలయును. తెగిపడిన లైను తీగ జోలికి కర్రతోనైనను పోరాదు. ఎవరిని దరికి రానీయక లైనుమానుకు కబురుపెట్టి కరెంటు ఆపింపవలయును.

పెద్దలారా! ఒక సెల్లును, ఒక బల్బును మీ మనుమల చేతికిచ్చి ఈ త్రోవను ఆటగా చూపుడు. పిదప మీ పొలమునకు పోయి, బోరువద్ద ఎర్తు తీగ తెగక యున్నదా యని చూచుకొనుడు. తెగియున్నచో నేడే బాగుచేయింపుడు. సెలవు.