మీకు తెలుసా? సరదా పచ్చబొట్టుగా మారే ముందు

గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థంలో పాత రావిచెట్టు 2001లో కూలిపోయింది. దాని మొదట్లో తరతరాలుగా మొక్కుకున్నవాళ్లు నిలబెట్టిన నాగశిలలు మాత్రం వేలల్లో అలాగే ఉన్నాయి. పడగ విప్పినవి, జంటగా పెనవేసుకున్నవి, శిల్పి చెయ్యి తిరిగినవి, తిరగనివి. వాటి మధ్య కాసేపు నడిస్తే, ఈ బొమ్మ ముంజేతిమీద ఎలా ఉంటుందో అని ఏ కుర్రాడికైనా అనిపించకపోదు. నాగశిలలే కానక్కర్లేదు. నందికొండకు సైకిలు తొక్కేవాళ్లు, పిట్టల్ని వెతికేవాళ్లు, రాత్రంతా కురుక్షేత్రం ఆడేవాళ్లు, వాకిట్లో ముగ్గుతో లోకాన్ని మరిచిపోయేవాళ్లు... చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల సరదాలకు కరువు లేదు. ఆ సరదాను ఒంటిమీద పొడిపించుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని.

పచ్చబొట్టు మిషన్ మొదట ఆఫీసు సామాను

1876లో థామస్ ఎడిసన్ ఒక కరెంటు కలానికి పేటెంటు తీసుకున్నాడు. రాస్తూ పోతుంటే సూది కాగితానికి సన్నసన్న చిల్లులు పెడుతుంది. ఆ కాగితం మీద సిరా రుద్దితే కింద ఎన్ని నకళ్లయినా వస్తాయి. గుమాస్తాల కోసం చేసిన ఆ యంత్రం ఆలోచననే పట్టుకుని 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ పచ్చబొట్టు పొడిచే యంత్రానికి పేటెంటు సంపాదించాడు. ఎడిసన్ ముంజేతిమీదా పచ్చబొట్టు ఉండేది: పాచిక మీద అయిదు పడినట్టు అయిదు చుక్కలు. మన అవ్వల చేతుల మీదా అలాంటి చుక్కలే చూస్తాం. ఆయనకు అవి ఏ సరదాతో పడ్డాయో తెలియదు.

అవ్వను ఎవరూ అడగలేదు

మన సీమలో పాత తరం ఆడవాళ్ల చేతులకు పచ్చబొట్లు పొడిచింది ఎక్కువగా ఊరూరూ తిరిగే కొరవ, ఎరుకల స్త్రీలు. కన్నడ సీమలో తోలుబొమ్మలాడించే కిళ్లెక్యాతల ఇళ్లలోని ఆడవాళ్లకూ ఈ విద్య ఉండేది. మగవాళ్లు తెర వెనక తోలుబొమ్మలాడిస్తే, ఆడవాళ్లు తోలుమీదే బొమ్మలు వేసేవారన్నమాట. నూరేళ్ల కిందట మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ సిరా తయారీని పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. పసుపునీ అవిసె ఆకునీ కలిపి నూరి, ఆ ముద్దను పలచని గుడ్డకు పట్టించి వత్తిగా చుట్టాలి. ఆముదం పోసి దీపం వెలిగించి పైన కొత్త కుండ బోర్లించాలి. కుండ లోపల పట్టిన మసిని గీకి, నీళ్లతోనో చనుబాలతోనో కలిపితే సిరా సిద్ధం. వంటింటి సరుకుతో నడిచిన పెద్ద పరిశ్రమ అది.

నల్లటి మసి చర్మం కిందికి వెళ్లాక పచ్చగా, నీలంగా కనిపించడానికి కారణం వెలుతురు. పై చర్మం నీలి వెలుగును ఎక్కువగా చెదరగొట్టి వెనక్కి పంపుతుంది. మిగతా రంగులు లోపలికి దిగి, మసి దగ్గర ఇంకిపోతాయి. చేతిమీద నరాలు నీలంగా కనిపించడం వెనకా చాలావరకు ఈ మాయే ఉంది.

ఇక బొమ్మ ఎంపిక. తేలు, పువ్వు, చుక్కల వరస, సీతమ్మ పేరు పెట్టుకున్న ఏదో ఒక నమూనా: ఏది పొడవాలో పొడిచేవాళ్లకు తెలుసు, ఎప్పుడు పొడిపించాలో ఇంటి పెద్దలకు తెలుసు. పిల్లకు తెలిసేది నొప్పి ఒక్కటే. అందరికీ ఉండేది కాబట్టి ఎవరికీ దాన్ని చూసి సిగ్గూ లేదు, చింతా లేదు. ఇష్టాయిష్టాల బరువంతా మోస్తున్నది మన తరమే. ఈ ఊగిసలాట అందుకే కొత్తది, అందుకే దానికి ఇంట్లో సలహా చెప్పేవాళ్లు దొరకరు.

సిరాను పట్టుకుని కూర్చున్న కణాలు

పై చర్మం సుమారు నెల, నెలన్నరలో రాలిపోయి కొత్తది వస్తుంది. సూది దానిని దాటి కింది పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున సిరాను వదులుతుంది. అక్కడ మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు పరుగున వచ్చి ఈ కొత్త సరుకును మింగేస్తాయి. అరిగించుకోలేవు, వదిలిపెట్టనూ లేవు. ఆ కణాలు కలకాలం బతికి ఉంటాయి కాబట్టే పచ్చబొట్టు చెరగదని చాలాకాలం అనుకున్నారు. 2018లో ఫ్రాన్సు పరిశోధకులు ఎలుకల తోకల మీద చేసిన ప్రయోగం వేరే మాట చెప్పింది. కణం చనిపోతుంది, సిరా బయటపడుతుంది, పక్కనే పుట్టిన కొత్త కణం దాన్ని మళ్లీ మింగుతుంది. బొమ్మ ఉన్నచోటే ఉంటుంది, మోసేవాళ్లు మారుతుంటారు. మీరు గిటారు బొమ్మ పొడిపించుకుని, ఆ గిటారును అటకెక్కించి పదేళ్లయినా బొమ్మను మోసే పని మాత్రం లోపల మీకు తెలియకుండానే జరిగిపోతుంటుంది.

ముగ్గుకూ పచ్చబొట్టుకూ చుట్టరికం

సరదా పచ్చబొట్టుకు మన దగ్గర నిజమైన పూర్వీకురాలెవరంటే ముగ్గు అనే చెబుతాను. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ తెగని గీతను తిప్పే మెలిక ముగ్గులు దక్షిణాది పచ్చబొట్లలోనూ కనిపిస్తాయి. 1937లో జాన్ లేయార్డ్ అనే ఆంగ్ల మానవశాస్త్రవేత్త 'ఫోక్‌లోర్' పత్రికలో గడప ముగ్గులనూ పచ్చబొట్టు నమూనాలనూ పక్కపక్కన పెట్టి పెద్ద వ్యాసమే రాశాడు.

ముగ్గు సరదా ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నచ్చిందా లేదా అనేది వాకిలే తేలుస్తుంది. ఒక ముగ్గును వారం వరసగా వేసి చూడండి. నాలుగో రోజుకు చెయ్యి తనంతట తానే ఒక మెలికను వదిలేస్తుంది, ఇంకోచోట కొత్త పువ్వు తగిలిస్తుంది. అలా వారమంతా మార్చబుద్ధి కాని ముగ్గు ఏదైనా మిగిలితే, అప్పుడు చేతికి ఎక్కించే మాట ఆలోచించవచ్చు. లెక్క కూడా ముందే చూసుకోవాలి. పదిహేను చుక్కల ముగ్గు వాకిట్లో కళకళలాడుతుంది. మణికట్టు మీద ఆ గీతలు ఏళ్లు గడిచేకొద్దీ ఒకదాన్నొకటి తాకి మసకబారతాయి. అయిదు చుక్కలది నిలుస్తుంది.

నందికొండ పిట్టకు పసుపు చిక్కు

నందికొండ బండల మధ్య పసుపు గొంతు బుల్‌బుల్ ఉంటుంది. దక్షిణ భారతదేశపు రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని పిట్ట, ముప్పు ఉన్న జాతుల జాబితాలోనూ ఉంది. పిట్టలు చూసే సరదా ఉన్నవాడికి దానికన్నా మంచి పచ్చబొట్టు ఏముంటుంది? చిక్కంతా ఆ పసుపుతోనే. సిరా ఎప్పుడూ పై చర్మం కిందే ఉంటుంది, అంటే మన గోధుమ, చామన రంగుల పొర వెనక నుంచి దాన్ని చూస్తాం. నలుపు ఆ పొరను దాటి కనిపిస్తుంది. పసుపు, తెలుపు డీలాపడతాయి. గొంతు పసుపు పోతే ఆ పిట్ట ఏదో మామూలు బూడిద రంగు పిట్టే.

తీయించుకోవాల్సి వచ్చినా ఇంతే. లేజరు పని చేసేది సిరా ఆ వెలుగును పీల్చుకుంటేనే. నలుపు దాదాపు అన్ని వెలుగులనూ పీల్చుకుంటుంది, అందుకే ముందుగా పోతుంది. పసుపు, కొన్ని పచ్చలు మొండికేస్తాయి. పైగా లేజరు సిరాను మాయం చేయదు, పొడి చేస్తుంది. ఆ పొడిలో కొంత లింఫు గ్రంథులకు చేరి అక్కడే స్థిరపడుతుంది.

రంగుల్లో ఏముందన్నది ఇంకో ప్రశ్న. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి పచ్చబొట్టు సిరాల్లోని వేలాది రసాయనాలకు కట్టడి పెట్టింది. ఒక నీలాన్నీ ఒక పచ్చనూ ఇంకో ఏడాది గడువిచ్చి ఆపేసింది. 2025లో కర్ణాటక ఆరోగ్యశాఖ కూడా సిరా నమూనాలను పరీక్షించి, వాటిలో 22 రకాల లోహాలు కనిపించాయని, నిబంధనలు తెమ్మని కేంద్రాన్ని కోరతామని ప్రకటించింది. స్టూడియోలో సిరా సీసా మీది పేరు, తేదీ చూపించమని అడగడం మొహమాటపడే విషయమేమీ కాదు. జాతరలో చెట్టు కింద బ్యాటరీ మిషన్ పెట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర సీసా సంగతి అటుంచి సూది సంగతి అడగాలి. ఒకే సూది పదిమందికి తిరిగితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ దానితోపాటే తిరగగలవు.

సైకిలు బొమ్మ వేయించుకుంటే సైకిలు దిగాలి

కొన్నాళ్లపాటే లెండి. పైపొర మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఎండ, చెమట, దుమ్ము, చెరువు నీళ్లు పనికిరావు. నందికొండ ఘాటు మలుపులెక్కి 1478 మీటర్ల ఎత్తుకు చేరే సరదాలో ఈ నాలుగింట మూడు ఉచితంగా వస్తాయి. ఈతగాళ్లకు నాలుగోది. కాబట్టి సీజను మధ్యలో పొడిపించుకోవడం తెలివి కాదు.

కృష్ణుడి చేతిమీద కెమెరా

చింతామణి, బాగేపల్లి వైపు పల్లెల్లో పౌరాణిక నాటకం ఇప్పటికీ బతికే ఉంది. పగలు టమాటా తోటలోనో బస్సు స్టీరింగు ముందో ఉండే మనిషి రాత్రికి దుర్యోధనుడవుతాడు. విదురుడి పేరు మోసే ఊరున్న సీమలో విదురుడి వేషానికి మాత్రం పోటీ తక్కువ, అందరికీ కృష్ణుడే కావాలి. ఇలాంటి సరదా ఉన్నవాళ్లు ముంజేతిమీద వేరే సరదా పొడిపించుకుంటే రాయబారం సీనులో భుజకీర్తుల కింద కెమెరా బొమ్మ మెరుస్తుంది. భుజం మీద, వీపు మీద అయితే ఉత్తరీయం కాపాడుతుంది. కొన్ని సరదాలకు ఖాళీ చెయ్యే కావాలి.

గౌరిబిదనూరు ఆకాశం

విదురాశ్వత్థానికి దగ్గరలోనే, గౌరిబిదనూరు పొలాల మధ్య 1970ల నుంచి ఒక రేడియో టెలిస్కోపు ఉంది. ఇంగ్లీషు టి అక్షరం ఆకారంలో వెయ్యి డైపోల్ యాంటెన్నాలు, తూర్పు పడమరల చెయ్యి ఒక్కటే 1.38 కిలోమీటర్ల పొడవు. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర సూర్యుడినీ, పల్సార్లనే స్పందన తారలనీ విన్న యంత్రమది. పల్సార్ అనగానే పచ్చబొట్టు స్టూడియోల్లో అందరికీ తెలిసిన బొమ్మ ఒకటుంది: నల్లటి వెనకతెర మీద కొండల్లా పేర్చిన తెల్ల గీతలు. 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన తొలి పల్సార్ తాలూకు స్పందనలవి. హరాల్డ్ క్రాఫ్ట్ అనే విద్యార్థి 1970లో తన పరిశోధన గ్రంథంలో గీశాడు, 1979లో జాయ్ డివిజన్ అనే ఇంగ్లండు బ్యాండు తన ఆల్బం అట్టమీద వేసుకుంది. ఖగోళం పిచ్చి ఉన్నవాడూ రాక్ సంగీతం పిచ్చి ఉన్నవాడూ ఒకే బొమ్మ వేయించుకుంటున్నారు. మొదటివాడు జన్మంతా "మీరు ఏ పాట ఎక్కువ వింటారు?" అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. గౌరిబిదనూరు టి ఆకారాన్ని ఎంచుకుంటే ఆ బాధ లేదు. ఎవరూ పోల్చుకోలేరు, అడిగినవాళ్లకు మన ఊరి గురించి చెప్పుకోవచ్చు.

నాగశిలకు ఉద్యోగం వస్తుంది, గిటారుకు రాదు

కేంద్ర సాయుధ పోలీసు దళాల భర్తీ నియమాలు పచ్చబొట్టు గురించి ముచ్చటగా ఉంటాయి. మతచిహ్నం, దేవతా రూపం లేదా పేరు అయితే సరే. అదీ సెల్యూటు చేయని ఎడమ ముంజేతి లోపలివైపు గానీ, అరచేతి వెనక గానీ ఉండాలి. ఆ భాగంలో పావు వంతు కన్నా చిన్నదై ఉండాలి. బుల్లెట్టు బండి, వికెట్లు, గేమింగ్ కంట్రోలర్ ఈ జాబితాలో ఎక్కడా ఇమడవు. సైన్యమూ దాదాపు ఈ దారిలోనే నడుస్తుంది, గిరిజనులకు మాత్రం వాళ్ల ఆచారం ప్రకారం సడలింపు ఇస్తుంది. ఊళ్లో పొద్దున్నే పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు నోటిఫికేషన్ వచ్చాక చదివితే ఆలస్యమయ్యే పేజీ ఇది.

రెండు లిపుల మధ్య

బొమ్మ వద్దు, మాటే చాలనుకునేవాళ్లకు సరిహద్దు కష్టం ఒకటుంది. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు. తెలుగు తలకట్టు కన్నడ తలకట్టుగా సాగిపోవడానికి బెంగళూరులో చెయ్యి అలవాటు చాలు. స్టెన్సిల్ అతికించాక, సూది తగలకముందు, తెలుగు చదవడం వచ్చిన ఇంకొకరికి చూపించండి. ఒత్తులున్న మాటను చిన్నగా రాయించవద్దు, సిరా పాకేకొద్దీ ఒత్తు ముద్దయిపోతుంది.

మీ భుజం మీద పాత సాక్ష్యం

పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ చూసుకోండి. చెవులు కుట్టించుకున్న చోటు తడిమి చూడండి. అక్కడ చర్మం గట్టిగా, ఉబ్బెత్తుగా పెరిగి గాయం హద్దు దాటి ఉంటే అది కీలాయిడ్ కావచ్చు. పచ్చబొట్టు మీదా అలాగే ఉబ్బే అవకాశం ఉంది కాబట్టి ముందు చర్మవైద్యుడికి చూపించాలి. రక్తదానం చేసే అలవాటున్నవాళ్లు మన దేశంలో పచ్చబొట్టు తర్వాత ఏడాది ఆగాలి.

ఆషాఢం దాకా ఆగితే

తేల్చుకోలేకపోతే బొమ్మను అదే చోట, అదే కొలతలో గోరింటాకుతో వేయించుకుని చూడండి. రెండు వారాల్లో వెలిసిపోయేలోగా ఆఫీసులో, పెళ్లిలో, బస్సులో ఎంతమంది అడిగారో, వాళ్లకు చెప్పడం మీకు ఎన్నోసారికి విసుగొచ్చిందో తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త. గోరింటాకు ఎర్రగానో ముదురు గోధుమగానో పండుతుంది, అదీ గంటల తరబడి ఉంచితే. గంటలోపే కారునలుపు వస్తుందని చెప్పి అమ్మే కోనుల్లో చాలావాటిలో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుస్తుంది. అది కొందరికి బొబ్బలు తెప్పించి, బొమ్మ గీతల వెంటే మచ్చ మిగులుస్తుంది.